కడుపు, కోరిక, కొలత: తెలుగులో గర్భిణీ ఆహార చర్చ – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
గర్భిణి ఏమి తినాలి, ఎంత తినాలి, ఎంత బరువు పెరగాలి అన్నవి వైద్యరంగ ప్రశ్నలుగానే పరిగణన పొందుతున్నాయి. అయితే ఈ ప్రశ్నలకు తెలుగు సమాజం చెప్పుకొన్న సమాధానాలకు ఒక భాషాచరిత్ర, ఒక సాహిత్యచరిత్ర ఉన్నాయి. ఆయుర్వేద సంహితలలోని దౌహృద భావన, కాళిదాసు, పోతనల గర్భవర్ణనలు, స్త్రీల పాటలలోని వేవిళ్ళు, ఆధునిక ఆరోగ్య వచనం అనే నాలుగు ఆధారాలను పక్కపక్కన పెట్టి చదవడం ఈ వ్యాసం చేసే పని. కోరిక కేంద్రంగా సాగిన పాత చర్చ కొలత కేంద్రంగా మారినప్పుడు గర్భిణికి దక్కినదేమిటి, జారిపోయినదేమిటి అన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

కీలకపదాలు: దౌహృదం, వేవిళ్ళు, గర్భవర్ణన, పాండిమ, స్త్రీల పాటలు, పోషకాహారం, ఆరోగ్య వచనం.

1. ప్రవేశిక

తెలుగు వాడుకలో అన్నం చేరే చోటుకూ బిడ్డ పెరిగే చోటుకూ ఉన్న మాట ఒక్కటే: కడుపు. కడుపు నిండడం భోజనానికి సంబంధించినది, కడుపు పండడం సంతానానికి సంబంధించినది. కడుపు మాడ్చుకోవడం ఆకలి, కడుపుకోత బిడ్డను పోగొట్టుకోవడం. సీమంతం వేళ పుట్టింటివారు తెచ్చే చలిమిడిని 'కడుపుచలువ' అంటారు. ఆ చలువ తినే కడుపుకా, మోసే కడుపుకా అని ఎవరూ అడగరు, అడగవలసిన అవసరం కూడా వాడుకలో లేదు.

ఈ ఏకత్వం మాటకే పరిమితమా, ఆలోచనలోనూ ఉందా? కడుపు నిండా తింటే లోపలి బిడ్డకు చోటు చాలదన్న నమ్మకం, బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమవుతుంది కనుక నెలలు నిండే కొద్దీ అన్నం తగ్గించాలన్న హితవు దక్షిణ భారతంలో విస్తారంగా వినిపిస్తాయి. మార్క్ నిక్టర్, మిమి నిక్టర్లు 1983లో ప్రచురించిన వ్యాసం దక్షిణ కన్నడ ప్రాంతపు గర్భిణుల ఆహార భావనలను ఈ కోణం నుండే పరిశీలించింది. ఆహారమూ బిడ్డా ఒకే చోటును పంచుకుంటాయన్న శరీరచిత్రం అక్కడి స్త్రీల ఆహార నిర్ణయాల వెనుక ఉందని ఆ పరిశోధన గుర్తించింది. తెలుగు మాట ఈ నమ్మకాన్ని పుట్టించిందని అనడం తొందరపాటు. సంస్కృతంలోని కుక్షి, ఉదరం అనే పదాలకూ ఇలాంటి ద్వంద్వార్థమే ఉంది. నమ్మకానికి కావలసిన చోటును మాట సిద్ధంగా ఉంచిందని మాత్రం చెప్పవచ్చు.

దీనికి సరిగ్గా ఎదురుగా మరొక హితవు ఉంది: 'ఇద్దరి కోసం తినాలి'. గర్భిణి 'రెండు ప్రాణాల మనిషి' కనుక తిండీ రెండింతలు కావాలని దీని తర్కం. ఒకే ఇంట్లో ఒకే గర్భిణికి అయిదో నెలలో రెండో హితవు, ఎనిమిదో నెలలో మొదటి హితవు వినిపించడం అరుదు కాదు. రెండూ బరువు గురించిన మాటలే. ఒకటి బిడ్డ బరువుకు భయపడుతుంది, ఒకటి బిడ్డ బరువును కోరుకుంటుంది. తల్లి శరీరం తన కోసం ఏమి అడుగుతోందన్న ప్రశ్న రెండింటిలోనూ లేదు. ఆ ప్రశ్న ఒకప్పుడు ఉండేదా అన్న విచారణ దౌహృద భావనతో మొదలు కావాలి.

2. దౌహృదం: శాస్త్రం ఇచ్చిన వెసులుబాటు

చరకసంహిత శారీరస్థానం నాలుగో అధ్యాయం గర్భిణిని రెండు హృదయాలు కలిగినదిగా భావిస్తుంది. బిడ్డ హృదయం తల్లి నుండి ఏర్పడుతుందనీ, రసాన్ని మోసే మార్గాల ద్వారా తల్లి హృదయంతో ముడిపడి ఉంటుందనీ, కనుక బిడ్డ కోరిక తల్లి కోరికగా బయటపడుతుందనీ దాని వివరణ. ఈ దశను చరకుడు మూడో నెలతో ముడిపెడితే, సుశ్రుతుడు నాలుగో నెలలో గుర్తించాడు. కోరికను తిరస్కరిస్తే గర్భానికి హాని కలుగుతుందన్న విషయంలో ఇద్దరూ ఏకీభవించారు.

ఈ భావనను నేడు రెండు రకాలుగా చదువుతున్నారు. గర్భస్థ శిశువు చైతన్యాన్ని ప్రాచీనులు ముందే కనుగొన్నారని కీర్తించే పఠనం ఒకటి, మూఢనమ్మకమని కొట్టివేసే పఠనం మరొకటి. రెండూ మూలాన్ని పూర్తిగా చదవవు. చరకుడు కోరికను గౌరవించమని చెప్పి ఊరుకోలేదు. గర్భిణి కోరినది హితం కాకపోతే ఏమి చేయాలన్న చిక్కు ప్రశ్నను ఎదుర్కొన్నాడు. కోరిక తీవ్రంగా ఉంటే అహితమైన పదార్థాన్నయినా హితమైన దానితో కలిపి ఇవ్వవచ్చని వెసులుబాటు ఇచ్చాడు. ఇది ఆచరణలో నలిగిన వైద్యుని మాట. నిషేధం విధిస్తే రోగి చాటుగా తింటుందని తెలిసినవాడే ఇలా చెప్పగలడు.

అదే స్థానం ఎనిమిదో అధ్యాయంలో నెలవారీ ఆహార క్రమం ఉంది. మొదటి నెలలో పాలు, మూడో నెలలో తేనె, నెయ్యి చేర్చిన పాలు, నాలుగో నెలలో వెన్న, అయిదో నెలలో నెయ్యి, ఎనిమిదో నెలలో పాలతో వండి నెయ్యి చేర్చిన జావ. పాలూ నెయ్యీ సమృద్ధిగా ఉన్న ఇంటినే ఈ క్రమం ఊహించిందన్న సంగతి పైకి కనిపిస్తూనే ఉంది. ఇంతకన్న ఆసక్తికరమైనది అదే అధ్యాయంలోని మరో జాబితా. నిత్యం తీపి తినే గర్భిణికి ప్రమేహి గానీ, మూగ గానీ, అతిస్థూల దేహం గల బిడ్డ గానీ పుడతాడనీ, నిత్యం ఉప్పు తినే ఆమె బిడ్డకు త్వరగా ముడతలు, నెరసిన జుట్టు వస్తాయనీ, నిత్యం చేదు తినే ఆమె బిడ్డ కృశిస్తాడనీ అక్కడ ఉంది. తీపికీ ప్రమేహానికీ స్థూలత్వానికీ ముడిపెట్టిన ఈ వాక్యాన్ని చూపి గర్భకాల మధుమేహం చరకునికి తెలుసని ప్రకటించడం సులభం. కానీ అదే జాబితాలో ఉప్పుకూ నెరసిన జుట్టుకూ ముడి ఉంది. ఒకదాన్ని విజ్ఞానంగా స్వీకరించి, పక్కదాన్ని మౌనంగా దాటడం విమర్శ పద్ధతి కాదు. ఆ జాబితాలో నిలిచే విలువ 'నిత్య' అన్న పదంలో ఉంది. అక్కడ తప్పు పదార్థానిది కాదు, ఎడతెగని అలవాటుది. షడ్రుచులలో ప్రతి రుచీ జాబితాలో ఉంది కనుక ఏ ఒక్కటీ నిషిద్ధం కాదు. తినకూడనివాటి పట్టికలతో నిండిన నేటి సలహా వచనానికి ఈ దృష్టి చాలా దూరం.

సుశ్రుతుడు కోరికను మరో దారిలో నడిపించాడు. ఏ కోరిక కలిగితే ఏ స్వభావం గల బిడ్డ పుడతాడో చెప్పే వరుస అతని శారీరస్థానం మూడో అధ్యాయంలో ఉంది. రాజును చూడాలన్న కోరిక భాగ్యవంతుడైన బిడ్డకు సూచన. ఫలానా మాంసం మీది కోరిక ఫలానా గుణానికి సూచన. ఇక్కడ కోరిక శరీరపు అవసరంగా కాక, భవిష్యత్తును తెలిపే శకునంగా మారింది. కావ్యం పట్టుకున్నది ఈ రెండో దారినే.

3. కావ్యంలో చూలాలు

దండి కావ్యాదర్శంలో చెప్పిన మహాకావ్య వర్ణనాంశాలలో కుమారోదయం ఒకటి. తెలుగు ప్రబంధకవులు అష్టాదశవర్ణనల పేరిట దీన్ని స్వీకరించారు. పుట్టుకను వర్ణించాలంటే దానికి ముందున్న నెలలను వర్ణించాలి. అలా గర్భవర్ణనకు కొన్ని ఖాయమైన అంగాలు ఏర్పడ్డాయి. ముఖం తెల్లబారడం, చనుమొనలు నల్లబడడం, నడక మందగించడం, నడుము నిండడం, అన్నం సయించకపోవడం, మన్ను రుచించడం మొదలైనవి వాటిలో ముఖ్యం.

రఘువంశం మూడో సర్గలో సుదక్షిణ వర్ణన ఈ సంప్రదాయానికి బలమైన నమూనా. శరీరం సడలి, నగలు తగ్గించుకొని, లొద్దుగ పువ్వు వలె పాలిపోయిన ముఖంతో ఉన్న ఆమెను కాళిదాసు తెల్లవారబోయే రాత్రితో పోల్చాడు. ఆ వెంటనే ఆమె నోటి మట్టివాసన గురించి చెప్పాడు. ఏకాంతంలో ఆ వాసన చూసి దిలీపునికి తనివి తీరలేదట. ఆమె మన్ను ఎందుకు తిన్నదన్న ప్రశ్నకు కవి చూపిన కారణం, పుట్టబోయే కొడుకు భూమినంతా అనుభవించబోతున్నాడు కనుక ఆమె అన్ని రుచులనూ విడిచి ముందుగా భూమిమీద మనసు పెట్టిందన్నది.

ఇక్కడ ఆగి చూడవలసినది ఒకటుంది. పాండిమ, మృద్భక్షణం అనే రెండూ ఒకదాని వెంట ఒకటిగా రావడం వైద్యశాస్త్రం తెలిసిన పాఠకుని దృష్టిని దాటిపోదు. చరకసంహిత చికిత్సాస్థానం పదహారో అధ్యాయం పాండురోగాన్ని అయిదు విధాలుగా విభజించింది. అందులో అయిదోది మన్ను తినడం వలన కలిగేది. అంటే ఒకే సంస్కృత వాఙ్మయంలో మన్ను తినడమూ పాలిపోవడమూ ఒకచోట రోగకారణమూ రోగలక్షణమూ అయితే, మరొకచోట రాజయోగమూ సౌందర్యమూ అయ్యాయి. ఆధునిక వైద్యం కూడా ఈ రెండింటి మధ్య సంబంధాన్ని గుర్తించింది. రక్తహీనత ఉన్న గర్భిణులలో మన్ను, బలపం, పచ్చి బియ్యం వంటివి తినాలనే కోరిక ఎక్కువగా కనిపిస్తుంది. ఇనుము లోపం వలన ఈ కోరిక కలుగుతుందా, మన్ను తినడం వలన ఇనుము ఒంటబట్టకుండా పోతుందా అన్న చర్చ ఇంకా ఉంది. సుదక్షిణకు రక్తహీనత ఉందని నిర్ధారించడం విమర్శకుని పని కాదు. ఆమె కావ్యపాత్ర, రోగి కాదు. పాలిపోయిన ముఖాన్ని అందంగా చూడడం పాఠకులకు ఇంత అలవాటు ఎలా అయింది అన్నదే విమర్శ అడగదగిన ప్రశ్న. చూలాలి ముఖం తెల్లబడడం సహజమేనన్న ఊరడింపు నేటి ఇళ్ళలోనూ వినిపిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని గర్భిణులలో 52.2 శాతం మంది రక్తహీనులు. ఇంతమందిలో ఉన్నది సహజంగానే కనిపిస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది.

సుదక్షిణ సిగ్గువలన తన కోరిక తానుగా చెప్పదు. దిలీపుడు ఆమె చెలికత్తెలను మాటిమాటికీ అడిగి తెలుసుకుంటాడు. కోరికకు విలువ ఉంది, కోరిన గొంతు మాత్రం వినిపించదు. అయినా కాళిదాసుకు ఒక న్యాయం చేయాలి. వేవిళ్ళ బాధ దాటిన తరువాత ఆమె అవయవాలు క్రమంగా నిండుకొన్నాయనీ, పాత ఆకులు రాల్చి కొత్త చిగుళ్ళు తొడిగిన తీగవలె ప్రకాశించిందనీ అతడు చెప్పాడు. గర్భకాలంలో ఒళ్ళు రావడాన్ని ఆరోగ్యంగా, ఋతుధర్మంగా చూసిన అపురూపమైన దృష్టి అది. మొదటి మూడు నెలలలో బరువు అంతగా పెరగకపోవడం, తరువాత నిలకడగా పెరగడం అన్న నేటి వైద్యపాఠానికి ఆ ఉపమానంతో విరోధం లేదు.

ఆంధ్ర మహాభాగవతం దశమస్కంధంలో దేవకి గర్భచిహ్నాలను పోతన ఒక సీసపద్యంలో కూర్చాడు. ఆ పద్య నిర్మాణం విశిష్టమైనది. ఆమెలో కనిపించే ప్రతి చిహ్నానికీ శత్రువుల పక్షాన ఒక జత ఉంది. ఆమె ముఖం పాలిపోవడానికి శత్రువుల ముఖాలు వెలవెలబోవడం, చనుమొనల నలుపుకు శత్రువుల కీర్తి మాసిపోవడం, ఆమెకు అన్నం మీద ఇచ్ఛ తప్పడానికి శత్రువుల మనసుల్లో తిండి ధ్యాస పోవడం జతలు. ఆమెకు మన్ను రుచించడం శత్రువులు మన్నులో కలవడంతో ముగింపుకు చేరుతుంది. కాళిదాసు వద్ద మన్ను కొడుకు ఏలబోయే భూమి. పోతన వద్ద శత్రువు కూలబోయే నేల. తెలుగు మాటలోని శ్లేషను ఇంత సహజంగా వాడిన పద్యాలు తక్కువ. ఇదే స్కంధంలో ఆ బిడ్డడే మరో తల్లి ఎదుట మన్ను తిన్నాడన్న అభియోగంపై నోరు తెరవవలసి రావడం చమత్కారమైన సంగతి, అయితే అది వేరే వ్యాసానికి విషయం.

పద్యం అందంగా ఉంది. అందులోని దేవకి మాత్రం చెరలో ఉన్న స్త్రీ. ఆమెకు అన్నం సహించడం లేదు, అలసట కమ్ముకుంది, ఒళ్ళు బరువెక్కింది. చెరసాలలో ఆమెకు ఎవరు ఏమి పెట్టారో పద్యం చెప్పదు. ఆమె ఆకలి లేమి శత్రునాశనానికి సంకేతమైన క్షణంలోనే ఆకలి లేమిగా కనిపించడం మానేసింది. ఇది పోతన లోపమని అనడం అసంగతం. భక్తికవికి ఆ గర్భం ఒక లీల. అయితే ఇలాంటి పద్యాలను తరగతిలో చెప్పే అధ్యాపకులు అలంకార విశేషాలతో పాటు ఈ మౌనాన్నీ విద్యార్థులకు చూపడం అవసరం.

4. సీత కోరిక

దౌహృద ప్రసంగాలన్నింటిలో తీవ్రమైనది సీతది. ఉత్తరకాండలో రాముడు గర్భవతి అయిన సీతను ఏమి కావాలో కోరుకొమ్మంటాడు. గంగాతీరంలో పండ్లూ దుంపలూ తిని బతికే మునుల ఆశ్రమాలలో ఒక్క రాత్రైనా గడపాలని ఆమె కోరుతుంది. లోకాపవాదం విన్న తరువాత ఆ కోరికే అడవికి పంపడానికి సాకు అవుతుంది. రఘువంశం పద్నాలుగో సర్గ, భవభూతి నాటకం, తెలుగులో తిక్కన నిర్వచనోత్తర రామాయణం, కంకంటి పాపరాజు ఉత్తర రామాయణం ఈ ఘట్టాన్ని తమతమ తీరుల్లో చెప్పాయి.

కోరిక తీర్చకపోతే హాని అని శాస్త్రం చెప్పింది. ఇక్కడ తీర్చడమే హాని అయింది. గర్భిణి కోరికను అడిగి తెలుసుకునే అధికారం ఎవరికి ఉందో, ఆ జవాబును వాడుకునే అధికారం కూడా వారికే ఉందని ఈ కథ చూపుతుంది. రాజభవనంలోని స్త్రీ కందమూలాలు తినేవారి మధ్య ఉండాలనుకోవడాన్ని వ్యాఖ్యాతలు సాత్త్విక సంస్కారంగా వివరించారు. అంతఃపుర భోజనం మీది విసుగుగానూ దాన్ని చదవవచ్చు. గర్భకాలంలో వంటింటి వాసనలే సహించని స్థితి ఎరిగినవారికి ఈ పఠనం అంత వింతగా అనిపించదు.

5. పాటలో వేవిళ్ళు

వాల్మీకి బాలకాండలో గర్భధారణకు మూలం ఒక ఆహారపదార్థమే, పాయసం. దాని పంపకం ఆ కావ్యంలోనే లెక్క తేలిన భోజనం. కౌసల్యకు సగం, సుమిత్రకు నాలుగో వంతు, కైకేయికి ఎనిమిదో వంతు, మిగిలిన ఎనిమిదో వంతు మళ్ళీ సుమిత్రకు. ఎవరికి ఎంత పెట్టాలన్న రాజనీతి ఇంత వివరంగా ఉన్నా, తిన్న తరువాత ఆ ముగ్గురు స్త్రీలు మోసిన నెలల గురించి ఆ కావ్యానికి పెద్దగా ఆసక్తి లేదు.

ఆ ఖాళీని తెలుగు స్త్రీల పాటలు నింపాయి. వేల్చేరు నారాయణరావు 1991లో ప్రచురించిన ఆంగ్ల వ్యాసంలో ఈ పాటలను విశ్లేషిస్తూ, కౌసల్య వేవిళ్ళు, పురిటినొప్పులు, పసిబిడ్డ స్నానం వంటి ఇంటిలోపలి సంగతులు బ్రాహ్మణ స్త్రీల రామాయణ పాటలకు ఎంత ప్రధానమో చూపారు. వేవిళ్ళ పాట కావ్యంలోని గర్భవర్ణన వంటిది కాదు. కావ్యంలో చిహ్నాన్ని బయటినుండి ఒక కన్ను చూస్తుంది. పాటలో ఆ నెలలు గడిపినవారు, గడపబోయేవారు ఒకచోట కూర్చుని పాడుకుంటారు. వికారం, అరుచి, పులుపు మీది మనసు అక్కడ దేనికీ సంకేతం కానవసరం లేదు. అవి అవిగానే ఉంటాయి.

వేవిళ్ళు అన్న మాటనే చూడవచ్చు. వాడుకలో అది వాంతులకూ వికారానికీ పేరు, కోరికకూ పేరు. తినలేకపోవడాన్నీ తినాలనుకోవడాన్నీ ఒకే మాటలో పట్టిన పదం అది. దౌహృదం అన్న సంస్కృత పదంలో కోరిక మాత్రమే ఉంది. నేటి వైద్యవచనం వాడే 'వాంతులు, వికారం' అన్న జంటలో బాధ మాత్రమే ఉంది. ఈ రెండూ ఒకే స్త్రీలో ఒకే పూట ఉంటాయన్న ఎరుక తెలుగు మాటకు ఉంది.

ఈ పాటలను ఆదర్శీకరించడంలోనూ ప్రమాదం ఉంది. ఇవి ప్రధానంగా తీరిక, తిండి రెండూ ఉన్న ఇళ్ళ పాటలు. నారాయణరావు వ్యాసమే బ్రాహ్మణేతర స్త్రీల పాటలను వేరుగా చర్చించింది. నిండు నెలలతో నాట్లు వేసిన స్త్రీకి చింతకాయ కోరడానికి చెట్టు అందుబాటులో ఉండవచ్చు గానీ, నెయ్యి కలిపిన పాలు ఎవరు తెచ్చిస్తారు? గర్భవర్ణనలపై వచ్చే పరిశోధనలు ప్రబంధాలతో ఆగకుండా, పనిపాటల్లో చూలాలి ప్రస్తావనలను సేకరించవలసిన అవసరం ఉంది.

చలిమిడి కూడా ఒక పాఠమే. బియ్యప్పిండి, బెల్లం కలిసిన ఆ పదార్థాన్ని అత్తవారింటికి పుట్టింటివారు మోసుకొని రావడంలో ముచ్చటతో పాటు మరొకటి ఉంది. ఇంట్లో చివరగా, మిగిలినది తినే కోడలికి ఆమె పేరున, పదిమంది ఎదుట, ఆమె ఒడిలో పెట్టే తిండి అది. అత్తింటి వంటింటి మీద పుట్టింటివారు మాటల్లో చేయలేని వ్యాఖ్యానాన్ని ఆ ముద్ద చేస్తుంది.

6. లోధ్ర నుండి కిలోల దాకా

ఆధునిక కాలంలో ఈ చర్చ పత్రికల్లోకి వచ్చింది. 1928లో డాక్టర్ కె. ఎన్. కేసరి మద్రాసులో ప్రారంభించిన 'గృహలక్ష్మి' మాసపత్రిక స్త్రీల రచనలకు పెద్ద వేదిక అయింది. స్త్రీల రుగ్మతలకు మందుగా పేరు పొందిన కేసరి కుటీరం వారి 'లోధ్ర' ఆ సంస్థకు ఆర్థికంగా అండ. కాళిదాసు పాలిపోయిన ముఖానికి పోలికగా తెచ్చిన లొద్దుగే ఇక్కడ సీసాలో మందుగా అమ్ముడుపోయింది. పాండిమ ఉపమానం నుండి చికిత్స వైపు కదిలిన మలుపుకు ఇంతకన్న చక్కని గుర్తు దొరకదు.

1918లో కూనూరులో చిన్న బెరిబెరి పరిశోధనా విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్న సంస్థ ద్వారా తెలుగు నేలకు కొలతల భాష దగ్గరయింది. ఆ సంస్థ సిఫారసుల ప్రకారం గర్భిణికి రోజుకు అదనంగా కావలసిన శక్తి 350 కిలోక్యాలరీలు. శారీరక శ్రమ తక్కువగా ఉన్న స్త్రీ సాధారణ అవసరంలో ఇది దాదాపు అయిదో వంతు. ఇంచుమించు వంద గ్రాముల బియ్యం ఇచ్చే శక్తి. 'ఇద్దరి కోసం తినాలి' అన్న మాటలోని రెండో మనిషి వాటా ఈ అయిదో వంతే. అయితే ఆ అదనాన్ని బియ్యంతోనే నింపితే శక్తి లెక్క సరిపోతుంది గానీ మాంసకృత్తుల లెక్క, ఇనుము లెక్క సరిపోవు. పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర అవసరమయ్యేది ఇక్కడే. పుణె సమీప గ్రామాలలో సి. ఎస్. యాజ్ఞిక్ బృందం జరిపిన అధ్యయనంలో ఆకుకూరలు, పండ్లు, పాలు తరచుగా తీసుకున్న తల్లుల బిడ్డలు పుట్టుకలో మెరుగైన పరిమాణంతో ఉన్నట్లు కనిపించింది. అక్కడి బిడ్డలు తక్కువ బరువుతో పుట్టినా వారి ఒంటిలో కొవ్వు పాలు ఆ మేరకు తక్కువగా లేదన్న పరిశీలన, బరువు ఒక్కటే ఆరోగ్యానికి కొలబద్ద కాదని తెలిపింది.

బరువు విషయంలో అమెరికాకు చెందిన వైద్య సంస్థ 2009లో ఇచ్చిన పట్టికను తెలుగు వ్యాసాలు విరివిగా స్వీకరించాయి. గర్భానికి ముందు బక్కగా ఉన్నవారు 12.5 నుండి 18 కిలోలు, తగిన బరువున్నవారు 11.5 నుండి 16, అధిక బరువున్నవారు 7 నుండి 11.5, స్థూలకాయులు 5 నుండి 9 కిలోలు పెరగవచ్చని ఆ పట్టిక సారాంశం. భారతదేశపు సలహా పత్రాలలో సాధారణంగా కనిపించే అంకె 10 నుండి 12 కిలోలు. ఆసియా ప్రజలకు దేహభార సూచి 23 దాటినప్పటి నుండే జాగ్రత్త అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం 2004లో సూచించింది. ఈ సూచనను పక్కన పెట్టి పట్టికను యథాతథంగా దించే వ్యాసాలు, ఎవరిని 'తగిన బరువు' గలవారిగా లెక్కిస్తున్నాయో చెప్పకుండానే కిలోలు చెబుతున్నాయి.

సమస్య ఇప్పుడు రెండంచులది. పైన పేర్కొన్న సర్వేలోనే ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం స్త్రీలు అధిక బరువు లేదా స్థూలకాయం గలవారు. దేశ సగటు 24 శాతం. రక్తహీనత, అధిక బరువు ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే స్త్రీలో ఉంటున్నాయి. 'బాగా తినండి' అన్న కరపత్రం ఈమెకూ అదే, బక్కచిక్కిన కూలీ స్త్రీకీ అదే.

7. సలహా వచనం: భాషాపరిశీలన

తెలుగు ఆరోగ్య వచనంలో స్థిరపడిన వాక్యం ఇలా ఉంటుంది: 'గర్భిణీ స్త్రీలు పోషక విలువలు కలిగిన సమతుల ఆహారాన్ని తగిన మోతాదులో తీసుకోవాలి.' వ్యాకరణ దోషం లేని ఈ వాక్యం ఎవరితోనూ మాట్లాడదు. మొదటి చిక్కు 'తీసుకోవాలి' అన్న క్రియలో ఉంది. తెలుగువారు అన్నం తింటారు, మందు తీసుకుంటారు. ఆహారం కూడా తీసుకోవలసినది అయినప్పుడు అది ఔషధంగా మారుతుంది. 'తినబుద్ధి' అన్న తెలుగు మాటకు ఆ వాక్యంలో చోటు లేదు. రెండో చిక్కు కర్తది. వండేది ఎవరు, వడ్డించేది ఎవరు, ముందు ఎవరు తింటారు అన్నవి లేకుండా, బాధ్యత మొత్తం గర్భిణి మీద పడుతుంది. మూడోది పారిభాషిక పదాలది. మాంసకృత్తులు అన్న పాఠ్యపుస్తకపు మాట విని, పప్పులో అవి ఉంటాయని ఊహించడం కష్టం. శాకాహార కుటుంబాలలో ఆ మాట అనవసరపు అనుమానం కూడా కలిగించవచ్చు. 'నెత్తురు తక్కువగా ఉంది' అంటే తెలియని తెలుగు స్త్రీ లేదు. 'రక్తహీనత' దగ్గర ఆగేవారు ఉన్నారు.

బరువు అన్న మాట మరీ సున్నితమైనది. తెలుగులో బరువు తూకమే కాదు, బాధ్యత, భారం కూడా. కావ్యభాష గర్భభరంతో అలసిన స్త్రీని 'గర్భభరాలస' అని పిలిచి ఆ భారంలో ఒక గౌరవాన్ని ఉంచింది. 'బరువు నియంత్రణ' అన్న నేటి సమాసంలో ఆ ఛాయ లేదు. గర్భకాలం బరువు తగ్గించుకునే కాలం కాదనీ, అధిక బరువున్నవారికి కూడా కావలసినది ఉపవాసం కాక పెరుగుదలలో నిదానమేననీ వైద్యులు చెబుతారు. ఆ నిదానాన్ని చెప్పే మాట తెలుగులో ఇంకా కుదురుకోలేదు. 'నియంత్రణ' విన్న గర్భిణి ఒక పూట అన్నం మానేస్తే తప్పు ఆమె చదువుదని అనలేం.

వాక్యం చేయలేని పనిని కొన్నిచోట్ల పథకం చేసింది. 2015లో తెలంగాణలో ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణికి, బాలింతకు అంగన్వాడీ కేంద్రంలోనే ఒక పూట పూర్తి భోజనం పెట్టే పద్ధతిని అనుసరించింది. అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అందులో భాగం. సరుకులు ఇంటికి ఇస్తే ఇంటిల్లిపాదీ పంచుకుంటారన్న గ్రహింపు ఈ ఏర్పాటుకు ఆధారం. తిండి ఆమె చేతికి కాదు, ఆమె నోటికి చేరాలన్నది దీని ఉద్దేశం. చలిమిడిని పుట్టింటివారు స్వయంగా తెచ్చి ఒడిలో పెట్టడంలోనూ ఉన్నది ఇదే గ్రహింపు. అయితే పాల వాసనకే కడుపులో తిప్పే మూడో నెల గర్భిణికి ఆ పాలగ్లాసు ఏమవుతుందన్నది పథకం నియమావళిలో తేలే విషయం కాదు. అక్కడ ఎదురుగా కూర్చున్న కార్యకర్త అడిగే ప్రశ్నను బట్టి అది తేలుతుంది. 'పాలు తీసుకుంటున్నారా?' అంటే వచ్చే జవాబు అవును లేదా కాదు. 'ఏం తినబుద్ధవుతోందమ్మా?' అంటే చింతకాయ పేరు రావచ్చు, మజ్జిగ పేరు రావచ్చు, నలుగురిలో చెప్పడానికి సిగ్గుపడే బలపం పేరూ రావచ్చు. బలపం పేరు వచ్చిందంటే నెత్తురు పరీక్ష చేయించవలసిన అవసరం ఉందని కార్యకర్తకు తెలుస్తుంది. చింతకాయ పేరు వస్తే దాన్ని తోటకూర పప్పులో వేయమని చెప్పవచ్చు. కోరినదాన్ని హితమైన దానితో కలిపి ఇమ్మన్న చరకుని మాటకు తెలుగు వంటింట్లో అంతకన్న కష్టమైన అనువాదం అక్కరలేదు.